ఏడు రోజుల నకలు

గూరో రెండో కప్పు కాఫీ పక్కన పెట్టుకుని, లాంచీల వేళల పేజీని రెండు ఫోన్లలోనూ తెరిచి చూస్తోంది. ఆ నార్వే రేవు పట్నంలో లాంచీల ఆఫీసు వెబ్‌సైటు ఇరవై ఏడేళ్లుగా ఆమె చేతిలోనే ఉంది. పొట్టి మనిషి. చలికాలమంతా ఒకటే బూడిదరంగు స్వెట్టరు, మోచేతుల దగ్గర తనే కుట్టుకున్న అతుకులు. సైటు సరిగ్గా నడిచినన్నాళ్లూ ఎవరికీ ఆమెతో పని పడదు.

ఎనిమిదిన్నరకు ఫోను మోగింది.

"లాంచీ ఇంకా రాలేదమ్మా. ఎనిమిదీ ఇరవైకని ఫోన్లో ఉంది" అన్నాడు అవతల ఒక ముసలాయన. పేరు అస్లక్, ఉండేది స్కార్వ దీవిలో.

"నిన్నటి నుంచి చలికాలం వేళలండీ. ఏడూ నలభైకే వెళ్లిపోయింది."

"రాత్రి కూడా చూశానే. ఎనిమిదీ ఇరవై అనే ఉంది." గాలి హోరుకు గొంతు పెంచాడు. "మా ఆవిడ మాగ్నీ ఆస్పత్రిలో ఉంది. పొద్దున్నే వస్తానన్నాను. మళ్లీ ఎప్పుడు?"

"పన్నెండున్నరకు."

ఆయన తిట్టలేదు. తిట్టి ఉంటే బాగుండేదనిపించింది గూరోకు.

తప్పెక్కడుందో వెతకనక్కర్లేదు. ఆరేళ్ల కిందట దీవుల్లో నెట్ నత్తనడక నడిచేది. అప్పుడు గూరోయే ఒక లైను రాసింది: పేజీ ఒకసారి చేరాక బ్రౌజర్ దాని నకలు ఏడు రోజులు దాచుకోవాలి, సర్వర్‌ను అడక్కుండా దాన్నే చూపించాలి. పేజీ రెప్పపాటులో తెరుచుకునేది. ఆఫీసులో కేకు తెచ్చారు. ఇన్నేళ్లలో ఆమె పేరు మీద కోసిన కేకు అదొక్కటే. వేళలు మారే ముందు ఆ లైను తీసేయడం ఆమెకు అలవాటు. ఈసారి ఆ వారమంతా జ్వరంతో పడుకుని ఉంది.

"రిఫ్రెష్ కొట్టుకోవాల్సింది కదా ఆయన" అన్నాడు పై అధికారి టూరె, ఆమెకన్నా ఇరవై ఏళ్లు చిన్నవాడు.

"ఎందుకు కొడతాడు? మనం చూపించింది నమ్మాడు."

లైను మార్చడానికి పది నిమిషాలు పట్టలేదు. బొమ్మలు, రంగులు ఎన్నాళ్లయినా దాచుకోవచ్చు. వేళల పేజీని మాత్రం తెరిచిన ప్రతిసారీ, ఏమైనా మారిందా అని సర్వర్‌ను అడగాలి. మారకపోతేనే పాత నకలు చూపించాలి.

"అయితే ఇక గొడవ లేదుగా?"

"ఇక ముందు కొత్తగా పేజీ తెరిచేవాళ్లకు లేదు. ఇప్పటికే నకలు దాచుకున్న ఫోన్లు వారం దాకా మనల్ని అడగనే అడగవు టూరె. వాటికి నా మాట చేరదు."

"మరేం చేస్తారు?"

"కాగితాలు అంటించి వస్తాను."

పెద్ద అక్షరాలతో వేళలు అచ్చుతీసి, పదకొండింటి లాంచీ ఎక్కింది. దారిలోని ప్రతి రేవులోనూ దిగి, గాలికి వేళ్లు కొంకర్లు పోతున్నా నాలుగు మూలలా టేపు వేసి వచ్చింది. స్కార్వ దీవిలో అస్లక్ ఎక్కాడు. పొడుగాటి మనిషి, నడుం వంగింది. గూరో వెళ్లి ఆయన ఎదురుగా కూర్చుంది.

"ఆ పేజీ రాసింది నేనేనండీ" అని మొదలుపెట్టి, ఏదీ దాచకుండా చెప్పింది.

ఆయన శ్రద్ధగా విన్నాడు. "అంటే కొత్త సంగతి అడక్కుండా పాతదే పట్టుకు కూర్చుందన్నమాట. మా ఆవిడ నన్ను అనేదీ అదే" అన్నాడు. కోటు జేబులోంచి ఎముక దువ్వెన తీసి బల్ల మీద పెట్టాడు. "ఆస్పత్రి దువ్వెన జుట్టు పీకేస్తోందట. ఇది తెమ్మంది."

పట్నం కనబడుతుండగా ఆయన ఫోను మోగింది. విన్నాడు. "ఎన్నింటికి?" అని మాత్రం అడిగాడు.

"పదిన్నరకట" అన్నాడు గూరోతో. "పక్కన నర్సు ఉందట. పోనీలే, ఒంటరిగా పోలేదు."

ఏడూ నలభై లాంచీ ఎనిమిదిన్నరకే పట్నం చేరుతుంది. గూరో మనసులో లెక్క వేసుకుంది.

"నేనూ వస్తాను" అంది గూరో.

"వద్దమ్మా. అవతలి వైపు ఇంకా రెండు రేవులున్నాయిగా. అవి అంటించు."

రేవులో దిగి, వెనక్కి చూడకుండా ఆస్పత్రికి వెళ్లే మిట్టదారి ఎక్కాడు. ఆయన మలుపు తిరిగేదాకా గూరో కిటికీలోంచి చూస్తూనే ఉంది. తల తిప్పేసరికి లాంచీ రేవు వదిలేసింది. బల్ల మీద ఒక పన్ను విరిగిన ఎముక దువ్వెన, ఇంజను అదురుకు కొంచెం కొంచెంగా అంచు వైపు జరుగుతోంది.