వరుస తప్పని అంకెలు

"నాలుగింటికి స్టాండులో పంచాయతీ. ఆలోపల నువ్వు తేల్చాల. ఇది తిప్పిన మీటరా, తిప్పనిదా?"

టాక్సీ డ్రైవర్ల సంఘం పెద్ద గోవిందస్వామి తువ్వాలు మూట విప్పి బల్ల మీద పెట్టాడు. అంబాసిడర్ కారు మీటరు. అద్దం పగిలింది. ముల్లు అరవై దగ్గర వంగి ఆగిపోయింది. ముల్లు కింద చిన్న కిటికీలో, బండి తిరిగిన కిలోమీటర్లు చూపే ఐదు అంకెలు: 41,306.

కుప్పుస్వామి అప్పటిదాకా నూనె వేస్తున్న ఫియట్ మీటరును పక్కకు జరిపాడు. నుదుటి మీది కళ్ళద్దాలు ముక్కు మీదికి దించాడు. ఆయనకు అరవై ఒక్క ఏళ్ళు. రేణిగుంట రోడ్డులో మెకానిక్ షెడ్ల చివర, రెండు గోడల సందులో ఆయన అంగడి. ఒక మనిషి కూర్చుంటే రెండో మనిషి నిలబడాలి. నెత్తిన రేకు పలక: 'ఇచ్చట మీటర్లు బాగుచేయబడును. వెనక్కి తిప్పబడవు.'

ఆ రెండో వాక్యం వల్ల ముప్పై ఏళ్ళలో పోయిన బేరాలకు లెక్కలేదు.

గోవిందస్వామి వెనక దేవకమ్మ నిలబడి ఉంది. పదకొండు రోజుల కిందట ఆమె భర్త గంగాధరం తిరుమల నుంచి ఖాళీ కారు దించుతుండగా బ్రేకులు పట్టలేదు. ముందు యాత్రికుల బస్సు. గంగాధరం స్టీరింగు కొండవైపు తిప్పి బండను గుద్దాడు. బస్సులో ఎవరికీ గీత పడలేదు. గంగాధరం మిగల్లేదు.

కారు యజమాని యోగానంద మాట వేరు. బండి కొత్తదే, నలభై వేలే తిరిగింది, డ్రైవరే డీజిల్ మిగిలించుకోవడానికి న్యూట్రల్‌లో దించాడు అంటున్నాడు. పంచాయతీ అదే నమ్మితే గంగాధరం దొంగ డ్రైవరుగా మిగిలిపోతాడు.

"ఆయప్ప ఇరవై రెండేండ్లు కొండ ఎక్కి దిగినాడన్నా," అంది దేవకమ్మ. "ఒక్కనాడన్నా న్యూట్రల్ ఎయ్యలా. బ్రేకు మెత్తగా ఉండాదని నెల నుంచీ మొత్తుకున్నాడు. మీటరు సూడరా, యాభై వేలు కాకుండా బ్రేకు పని చేయించను అన్నాడంట ఓనరు."

కుప్పుస్వామి కిటికీలోని అంకెలను చూశాడు. ఐదూ సూటిగా ఉన్నాయి. ఒక్కటి కూడా పైకి లేవలేదు, కిందికి జారలేదు.

తిరుపతిలో ప్రతి డ్రైవరుకూ ఆ పరీక్ష నేర్పింది ఆయనే. సూదితో గెలికి అంకెలు వెనక్కి జరిపితే చక్రాల మధ్య పళ్ళు సగంలో కూర్చుంటాయి. అంకెలు తాగినోళ్ళలా తలో పక్కకూ వాలతాయి. వరుస వంకరైతే తిప్పిన మీటరు. వరుస సూటిగా ఉంటే నిజం మీటరు.

"సూటిగానే ఉండాయి గదప్పా," అన్నాడు గోవిందస్వామి నీరసంగా.

"విప్పి సూడాల. నాలుగింటికి నేనే తెస్తా."

వాళ్ళు వెళ్ళాక విప్పాడు.

ముందుగా మీటరు వెనక మూత. నాలుగు స్క్రూలు. మూత తిరగేసి వెలుతురులో పెట్టాడు. లోపలి వైపు సూదితో గీసిన సన్నటి అక్షరాలు: కు. స్వా. 9-3-98. 64,390.

ఆ గీత తనదే.

అలా గీసే అలవాటు నాయన నుంచి వచ్చింది. కార్వేటినగరంలో గోడ గడియారాలు బాగుచేసే నాయన, విప్పిన ప్రతి గడియారం లోపలా పేరు, తేదీ గీసేవాడు. "మనం తప్పు చేస్తే ఇంకొకడికి తెలియాలిరా," అనేవాడు. మద్రాసు పుదుప్పేటలో మీటర్ల పని నేర్చుకున్నాక కుప్పుస్వామి దానికి ఒకటి చేర్చాడు. విప్పినప్పుడు ఉన్న అంకె కూడా గీసేవాడు.

పదహారు నెలల కిందటి మధ్యాహ్నం గుర్తుకొచ్చింది. యోగానంద ఇదే మీటరు తెచ్చాడు. సెకండ్ హ్యాండ్ బండి, ఇంజను మార్చాను, ఎనిమిది వేలకు పెట్టమన్నాడు. కుప్పుస్వామి పలక చూపించాడు. యోగానంద నవ్వాడు.

"నీకు రాదులే అన్నా. తిప్పి కూడా సూటిగా నిలబెట్టేది మద్రాసోళ్ళకే వస్తాది. ఆడికే పంపిస్తా."

అంతే. ఎంతిచ్చినా వంగని మనిషి ఆ ఒక్క మాటకు వంగాడు. ఇరుసు లాగాడు. చక్రాల మధ్య బఠాణీ గింజంత పళ్ళ చక్రాలు ఊడదీశాడు. అంకెలు విడిగా పేర్చాడు. గంటలో 08,000 తీర్చి చూపించాడు, జడ అల్లినంత వరుసగా. జీవితంలో అదొక్కటే. ఆ రాత్రి బాగా నిద్రపట్టింది కూడా.

పెన్సిలు తీసి సిగరెట్ అట్ట మీద లెక్క వేశాడు. ఎనిమిది వేల నుంచి నలభై ఒకటి మూడు వందల ఆరు. ముప్పై మూడు వేల మూడు వందల ఆరు. దానికి మూత లోపల గీసిన పాత అంకె కలపాలి.

97,696.

యాభై వేలకు మార్చాల్సిన బ్రేకు రబ్బర్లతో గంగాధరం లక్ష దగ్గర కొండ దిగాడు.

పదకొండున్నరకు యోగానంద వచ్చాడు. తెల్ల చొక్కా, నుదుట నామం. మూత బల్ల మీద తిరగబడి ఉండటం చూసి స్టూలు లాక్కున్నాడు.

"సూసినావా? మంచిది. నాలుగింటికి ఒకటే మాట. వరుస సూటిగా ఉండాది. నువ్వు నేర్పిన మాటే గదా."

"లోపల ఇంకో మాట ఉండాది, యోగా."

"ఆకురాయితో నాలుగు రుద్దులు రుద్దితే అదీ ఉండదు." గొంతు తగ్గించాడు. "సెప్తే ముందు పోయేది నీ పేరన్నా. నీ పలక సూసి జనం ఉమ్ముతారు. నాకు ఇరవై బండ్లు ఉండాయి. నీకేముండాది? ఈ సందు."

కుప్పుస్వామి పెట్టెలోంచి ఆకురాయి తీశాడు. యోగానంద ముఖం వెలిగింది. కుప్పుస్వామి దాన్ని అతని చేతిలో పెట్టాడు.

"నువ్వే రుద్దు. రుద్దినట్టు నేను స్టాండులో సెప్తా. గీత పోతాది. నా నోరు యాడికి పోతాది?"

యోగానంద ఆకురాయి విసిరికొట్టి వెళ్ళిపోయాడు.

ఒంటిగంటకు భార్య జ్ఞానాంబ క్యారియరు తెచ్చింది. సంగటి, ఊరుబిండి పచ్చడి. భర్త ముట్టలేదు. ఏమైందని అడగలేదామె. నలభై ఏళ్ళ కాపురంలో ఆయన అన్నం వదిలేసిన రోజులు ఆమెకు వేళ్ళ మీద గుర్తు. మూత చూపించాడు. చదువు రాకపోయినా ఆ గీత ఎవరిదో ఆమెకు తెలుసు.

"నువ్వు తిప్పినావా?"

"తిప్పినా."

"ముప్పై ఏండ్లు ఆ పలక కింద కూర్చుని అందరికీ నీతులు సెప్తివే! ఎంతకు తిప్పినావు?"

"ఎంతకూ కాదే. రాదన్నాడు. వస్తాదని సూపించినా."

జ్ఞానాంబ సంగటి ముద్ద తుంచి, ఊరుబిండి అద్ది, ఆయన చేతిలో పెట్టింది.

"తిను. కడుపు ఖాళీగా ఉంటే గొంతు లేవదు. ఆడ గట్టిగా సెప్పాల. ఆ దేవకమ్మ మొగుణ్ణి దొంగ అంటే నేను నీ ఇంట్లో నీళ్ళు ముట్టను."

"సెప్పినాక ఈ ఊర్లో ఒక్కడూ నాకు మీటరు ఇయ్యడు."

"ఇయ్యకపోతే పోనీ. కార్వేటినగరంలో మామ కట్టిన రెండంకణాల ఇల్లు ఉండాది. ఆరుగంటల బస్సు ఉండాది. నేను మూట కట్టుకుని స్టాండుకే వస్తా."

మూడున్నరకు కుప్పుస్వామి స్టూలెక్కి పలక దించాడు. గోడ మీద దాని వెనక తెల్లటి చదరం బయటపడింది. ముప్పై ఏళ్ళుగా ఎండ తగలని సున్నం. యోగానంద విసిరిన ఆకురాయి మూల నుంచి ఏరుకుని కాసేపు బల్ల ముందు కూర్చున్నాడు. పలకను చంకలో పెట్టుకుని, తాళం వేసి, మీటరుతో నడిచాడు.

టాక్సీ స్టాండులో నలభైమంది డ్రైవర్లు. మధ్యలో ఇనుప బల్ల. ఒక పక్క యోగానంద, ఇంకో పక్క దేవకమ్మ. చెట్టు నీడన జ్ఞానాంబ మూట మీద కూర్చుని ఉంది.

"తిప్పింది కాదు గదా? అంకెలు సూటిగా ఉండాయి, మేమంతా సూసినాం," అన్నాడు ఒక డ్రైవరు.

"సూటిగా ఉంటే నిజమని సెప్పింది నేను. అది తప్పు. ఇప్పుడు సూడండి."

కుప్పుస్వామి బల్ల ముందు కూర్చున్నాడు. అందరూ చూస్తుండగా మూత తీశాడు. ఇరుసు లాగాడు. బుల్లి చక్రాలు గోరుతో ఊడదీసి తువ్వాలు మీద వరుసగా పెట్టాడు. అంకెల చక్రాలు ఒక్కొక్కటీ తిప్పాడు. పది నిమిషాలైనా ఎవరూ బీడీ కూడా ముట్టించలేదు. ఇరుసు బిగించి మీటరును గోవిందస్వామి ముందుకు తోశాడు.

97,696. ఒక్క అంకె వాలలేదు.

"బండి తిరిగింది అంత. గంగాధరం నెల నుంచీ మొత్తుకున్నది ఈ లెక్క. న్యూట్రల్ కాదు, ఏమీ కాదు. చచ్చిపోయిన రబ్బర్లు."

"ముసలోడు సూసి సూసి నా మీద కథ కట్టినాడు!" యోగానంద లేచాడు. "ఇట్ల తిప్పగలిగినోడు తిరుపతిలో ఎవడుండాడు? సెప్పమనండి!"

గోవిందస్వామి మూత లోపలి గీతను చదివాడు. మళ్ళీ చదివాడు. తలెత్తినప్పుడు ఆయన గొంతు మారింది.

"ఎవరప్పా తిప్పింది?"

కుప్పుస్వామి దేవకమ్మ వైపు తిరిగాడు. ఆమె కళ్ళలోకి చూడటం కష్టమైంది. అయినా చూశాడు.

"తిప్పమన్నది యోగానంద. తిప్పింది కార్వేటినగరం గడియారాల మునిరత్నం కొడుకు కుప్పుస్వామి. నేనేనమ్మా. నీ మొగుడి తప్పేమీ లేదు. ఏ స్టేషనులో సెప్పమన్నా, ఏ కోర్టులో సెప్పమన్నా ఇదే సెప్తా."

దేవకమ్మ మీటరును రెండు చేతులతో ఒడిలోకి తీసుకుంది. డ్రైవర్లు మెల్లగా యోగానంద చుట్టూ మూగారు. కుప్పుస్వామి లేచి, పంచె దులుపుకుని, చెట్టు కిందికి నడిచాడు. జ్ఞానాంబ మూట ఎత్తుకుంది. ఎవరూ వాళ్ళను ఆపలేదు. ఎవరూ ఉమ్మలేదు కూడా.

ఇనుప బల్లకు ఆనించి రేకు పలక అక్కడే మిగిలిపోయింది. 'ఇచ్చట మీటర్లు బాగుచేయబడును' అన్నంతవరకు అక్షరాలు అలాగే ఉన్నాయి. వాటి కింద రెండో వాక్యం ఉన్నచోట, ఆకురాయితో రుద్దిన రేకు ఎండకు తళతళా మెరుస్తోంది.