అత్తకు పంపిన అబద్ధాలు

మా అత్త నాగమ్మాళ్ షుగర్ మాత్రలు మానేసిందని నాకు తెలిసేసరికి ఆమె కాలి పుండుకు చీము పట్టింది. ఫోన్‌లో ఎవడిదో ఆడియో విని, మాత్రలు పక్కన పెట్టి ఆకురసం తాగుతోందట. నాకు ఒళ్ళు మండిపోయింది.

"అరవంలో చెప్పుంటే నమ్మను అమ్మణీ. మన తెలుగులో చెప్పినాడు. ఇంటిపేరు గూడా చెప్పినాడు, గుండ్లపాటోళ్ళంట. మనోళ్ళు మనకు అబద్ధం చెప్తారా?" అంది అత్త.

తమిళనాట ఈ కారమడైలో మా తెలుగువాళ్ళందరికీ ఉన్న జబ్బే ఇది. బస్సులో ఎవరైనా ఇంటి తెలుగు మాట్లాడితే చాలు, ఇంటిపేరు అడిగి చుట్టరికం కలిపేస్తాం. డాక్టరు తమిళంలో చెప్పింది మాత్రం చెవికెక్కదు. అరిచాను, బతిమాలాను. గోడకు చెప్పుకున్నట్టే అయింది. ఆ పుండు గుర్తొస్తే నాకు అన్నం సహించేది కాదు.

చివరికి దారి మార్చాను. "అత్తా, ఇక మన తెలుగులోనే మీకు అబద్ధాలొస్తాయి. నేనే పంపిస్తా. పట్టుకోండి చూద్దాం."

నా స్నేహితురాలు దర్శిని గొంతుతో మొదటిది పంపాను. "అవ్వా, నేను మేకలోళ్ళ బిడ్డను. మునక్కాయ తింటే కళ్ళు పోతాయంట. బిరీన అందరికీ చెప్పండి." ముందే చెప్పినా, అత్త సాంబారులో మునక్కాయలన్నీ ఏరి పారేసింది. నేను పంపిందేనంటే మొహం మాడ్చుకుంది. రెండోది వినగానే నవ్వింది. ఆ తరువాత వాటి వరస తనే చెప్పసాగింది: ముందు చుట్టరికం, వెనక భయం, ఆపైన తొందర.

ఒక పొద్దున పాత ఆకురసం ఆడియో మళ్ళీ పెట్టుకుని, మధ్యలో ఆపేసింది. "ఇదీ అట్లనే ఉండాది."

హమ్మయ్య అనుకుని మాత్ర అందించాను. తీసుకోలేదు.

"నువ్వు గూడా భయపెట్టి తొందర చేస్తాండావే. నిన్నెట్ల నమ్మేది?"

నేను నేర్పిందే నాకు ఎదురు తిరిగింది. కోపం దిగమింగుకుని, రక్తంలో షుగర్ చూసే మిషన్ తెచ్చి ముందు పెట్టాను. "నన్ను నమ్మొద్దు. రసం తాగుతూనే ఉన్నారు గదా, మీరే చూసుకోండి."

వేలికి సూది తనే గుచ్చుకుంది. మాత్రలు వేసుకునే రోజుల్లో ఎంత ఉండేదో ఆమెకు బాగా గుర్తు. ఇప్పుడు దానికి రెట్టింపు. మాత్ర అందుకుని మింగింది.

అంతలోనే ఆమె మొహం పాలిపోయింది. "కంబంలో మా అక్కకు ఆ ఆడియో పంపింది నేనే. అక్క గూడా మాత్రలు నిలిపేసింది."

నాచేత ఫోన్ చేయించింది. అక్క సుందరవల్లి ఎత్తేదాకా నిలవలేక, ఆ కాలితోనే వాకిట్లో కుంటుతూ తిరిగింది. ఏడుస్తుందేమో, మాత్రలు వేసుకోమని గద్దిస్తుందేమో అనుకున్నాను.

"అక్కా," అంది. "ఇప్పుడు నీకొక అబద్ధం చెప్తాను. పట్టుకో చూద్దాం."