బయటివాళ్లు

కాజాలు కుట్టే చెల్లిని తాళం చంపింది. ఈ మాట ఎవరడిగినా చెబుతాను, ఎక్కడైనా చెబుతాను. చొక్కాల ఫ్యాక్టరీ బాయిలర్ గదిలో లేచిన పొగ ముందువైపు నుంచి మా షెడ్డులోకి కమ్ముకొచ్చింది. వెనక తలుపుకి బయటనుంచి తాళం ఉంది. మేం చొక్కాలు ఎత్తుకుపోతామని వేసిన తాళం అది. చేతులు వాచేలా బాదాం. తాళంచెవి సూపర్‌వైజరు జేబులో, సూపర్‌వైజరు ఆఫీసులో. అతనొచ్చి తీసేసరికి చెల్లి నా ఒళ్లోనే పోయింది.

మర్నాడు పేపర్లో ఆమెకి ఉబ్బసమని రాశారు. మూడో రోజుకి ఆ ఉబ్బసం కాస్తా ఆమె నిర్లక్ష్యమైంది. వారం తిరిగేసరికి చెల్లి ఊసే లేదు, "వందల కుటుంబాల పొట్టకొట్టే కుట్ర" ఒక్కటే మిగిలింది. కంపెనీ మైకు వ్యాను పొద్దునా సాయంత్రం ఒకే పాట పాడింది: బయటివాళ్లను నమ్మకండి. ఎవరా బయటివాళ్లు? పేరు చెప్పరు. చెబితే ఒక్కరినే అనుమానిస్తాం, చెప్పకపోతే అందరినీ అనుమానిస్తాం. అదీ వాళ్ల తెలివి.

మేం అడిగింది ఒక్కటే. పనిచేసే వేళల్లో వెనక తలుపుకి తాళం ఉండకూడదు. ముందు నిలబడి అడిగింది ఇస్త్రీ సెక్షన్ అక్క. సరిగ్గా అప్పుడే కరపత్రం వచ్చింది. కింద సంతకం "మీలో ఒకతె". అక్క పోటీ కంపెనీకి అమ్ముడుపోయిందట. పక్కన ఫోటోలో అక్క ఎవరికో దణ్ణం పెడుతోంది. ఆ ఎవరో మాత్రం ఫోటోలో లేడు.

నేను నమ్మాను. సిగ్గుగా ఉన్నా చెబుతున్నాను. రెండు రోజులు అక్క పలకరిస్తే మొహం తిప్పుకున్నాను. కుళాయి దగ్గర ఇద్దరు మాట్లాడుకుంటే మూడోమనిషి రాగానే నోళ్లు మూతపడేవి. ఆ ఒకతె ఎవరా అని పక్క మిషను మనిషి చేతుల్ని కూడా అనుమానంగా చూశాను.

ఆదివారం కటింగ్ మాస్టరు డాబా మీద మీటింగు పెట్టాం.

"ఊరికే రాస్తారా? ఏదో ఉండే ఉంటుంది," అంది కాలర్లు కుట్టే వదిన.

"ఆ దణ్ణం మేనేజరుకి పెట్టిందే," అంది అక్క. "పోయినేడు మనకి మందులపెట్టె ఇచ్చినప్పుడు. పక్కన మీరూ ఉన్నారు. ఆయన్నీ మిమ్మల్నీ కోసేశారు."

"ఇది ఆనాటి ఫోటోయేనని రుజువేది?" అంది వదిన.

"పూర్తి ఫోటో వాళ్ల దగ్గరే ఉంది. నేనెక్కణ్ణించి తేను?"

అందరూ ఒక్కసారిగా అరవడం మొదలుపెట్టారు. మాస్టరు చెయ్యెత్తి, "ముందు ఆ కాయితం మళ్లీ చదవండి," అన్నాడు. నేను చదివాను. "అత్యవసర ద్వారం పక్కన నిలబడి ఆమె ఆ కంపెనీ మనిషితో రహస్యంగా మాట్లాడటం నేను స్వయంగా చూశాను..."

చొక్కాలు మడతపెట్టే పెద్దమ్మ కునికిపాట్లు పడుతున్నదల్లా తలెత్తింది. "ఏం ద్వారం?"

"అత్యవసర ద్వారం, పెద్దమ్మా."

"అదెక్కడుందే మన షెడ్డులో?"

ఆ వెనక తలుపుని మేం గోడ అంటాం, తాళం గొడవ మొదలయ్యాకే తలుపన్నాం. "గోడ దగ్గర బుట్ట పెట్టు", "కాసేపు గోడకి చేరగిలబడు". పదకొండేళ్లుగా అంతే. కొత్తగా చేరిన మనిషి కూడా వారంలో గోడ అనడం నేర్చేసుకుంటుంది. ఎన్నడైనా తెరిస్తే కదా తలుపనడానికి! దాన్ని అత్యవసర ద్వారం అనేది తనిఖీ కాయితాలు నింపే ఆఫీసువాళ్లే.

"ఇది రాసింది మనలో ఒకతె కాదే," అంది వదిన మెల్లగా. "ఆఫీసులో ఒకడు."

నాకు ఏడుపొచ్చింది. "తప్పైపోయింది అక్కా."

"నాకు చెప్పి ఏం లాభం? రేపు మిషను దగ్గర చెప్పు."

సోమవారం అందరం మిషన్ల ముందు కూర్చున్నాం. ఎవరూ పెడలు మీద కాలు పెట్టలేదు. తాళం తీస్తేనే కుడతామన్నాం. సూపర్‌వైజరు మండిపడ్డాడు.

"ఎవరు నేర్పారే మీకిది? ఆ బయటివాళ్లేనా?"

"నువ్వు తలుపు తీస్తే కదా నాయనా, మేం బయటివాళ్లమయ్యేది!" అంది పెద్దమ్మ.

షెడ్డంతా గొల్లుమంది. చెల్లి పోయాక మేం నవ్వడం అదే మొదలు. గంట తిరక్కుండా పోలీసులొచ్చి అక్కని జీపెక్కించారు. సందు ఇరుకు. ఎదురుగా మైకు వ్యాను రావడంతో జీపు ఆగిపోయింది. కిటికీ ఊచల్లోంచి చూస్తున్నాం.

"వదంతులు నమ్మకండి! ఫ్యాక్టరీలో పని యథావిధిగా జరుగుతోంది!"

మా మిషన్ల హోరులో పగలంతా అరిచి మాట్లాడుకునే వీధి అది. ఎదురు కొట్టతను మొన్న ఆ కరపత్రాన్ని స్వయంగా తన కొట్టు గోడకి అంటించాడు. ఇప్పుడు బయటికొచ్చి వ్యాను తలుపు మీద కొట్టాడు.

"పని జరుగుతోందా? ఏదీ, ఓసారి ఆ మైకు కట్టెయ్, విందాం."

డ్రైవరు దిక్కులు చూసి ఆపేశాడు. వీధంతా చెవులు రిక్కించింది. లోపల మేం పెడళ్లకి కాళ్లు దూరంగా పెట్టుకుని కూర్చున్నాం. ఒక్క మిషను తిరిగినా ఆ అబద్ధం నిజమైపోతుంది.

ఒక్కటీ తిరగలేదు. కొట్టతను జీపుకి అడ్డంగా వెళ్లి నిలబడ్డాడు. అతని వెనక ఇంకొకరు, ఆ వెనక ఇంకా చాలామంది వస్తున్నారు.