మరియదాసు కంచం

నీళ్లు తొణక్కుండా ఆ కంచం ఎత్తడం సంతోషకుమారికి పదమూడేళ్ల అలవాటు. ఇవాళ పొద్దున ఆమె మొగుడు మరియదాసు చద్దన్నం తినేసి, చెంబు వంచి కంచంలోనే చెయ్యి కడిగాడు. పుక్కిలించి అందులోనే ఉమ్మాడు. తర్వాత అరుగు మీదికి పోయి, గోడకి చేరబడి బీడీ ముట్టించాడు. కంచంలో ఉల్లిపాయ ముక్కలు, నానిన మెతుకులు, వాటి మీద తేలే నురగ. పదకొండేళ్ల కూతురు రూతు చెయ్యి చాపింది గానీ, అంతలోనే తల్లి కంచం లాక్కుంది. పెళ్లయిన కొత్తలో ఆ నురగ చూసి సంతోషకుమారి దొడ్లోకి పరుగెత్తి వాంతి చేసుకుంటే, నెల తప్పిందనుకుని అత్తగారు సంబరపడింది.

జిన్నింగు మిల్లు మూతపడి రెండు నెలలయింది. మళ్లీ పత్తి వచ్చేదాకా మరియదాసుకి పని లేదు. మగాడు ఇంటిపట్టున ఉంటే పెళ్లానికి కాస్త ఆసరా అనుకుంటారేమో! ఆసరా లేదు, పాడూ లేదు. ఇంకో పూట కంచం, ఇంకో నాలుగుసార్లు టీ, అంతే పెరిగింది. పోనీ చేతులు పడిపోయినవాడా అంటే, పేకముక్కలు కలిపేటప్పుడు చూడాలి ఆ వేళ్ల వడుపు!

ఆమె నాలుగింటికి లేస్తుంది. వీధి పంపు దగ్గర ఆరు బిందెలు పట్టి, వాకిలి ఊడ్చి, అంట్లు తోమి, పొయ్యి దగ్గర పని ముగించుకుని ఏడున్నరకల్లా మిర్చి యార్డు పక్క గోడౌనుకి చేరాలి. అక్కడ ముక్కుకి గుడ్డ కట్టుకుని పొద్దుగూకేదాకా మిరపకాయల తొడిమలు తీస్తుంది. ముప్పై ఏళ్లకే గోళ్ల చుట్టూ చర్మం ఊడి, వేళ్లు ఉబ్బి ఎర్రగా ఉంటాయి. ఆముదం రాసినా, మజ్జిగలో ముంచినా కారం మంట పోదు. రూతు పసిగుడ్డుగా ఉన్నప్పుడు ఒకసారి మరిచిపోయి దాని కళ్లు తుడిచింది. ఆ ఏడుపు ఇంకా చెవుల్లోనే ఉంది. ఆ రోజు నుంచి కూతురి మొహం మీద చెయ్యి వెయ్యలేదు.

రెండు వారాల కిందట చర్చిలో, స్త్రీల సమాజం రోజున పాస్టరమ్మగారు ఒక మాట చెప్పింది.

"ఇంటిపని అందరూ పంచుకోవాలమ్మా. మొత్తం మీ నెత్తినే వేసుకుంటే మనుషులు ఏమైపోతారు?"

ఆవిడ ఇంట్లో అంట్లు తోమడానికి పనిమనిషి ఉంది, అది వేరే సంగతి. మాట మాత్రం సంతోషకుమారికి నచ్చింది. దారి పొడుగునా మాటలు కూడబలుక్కుంటూ వచ్చి మొగుణ్ణి అడిగింది.

"ఏమయ్యా, నా వల్ల కావట్లేదు. నీళ్లు నువ్వు పట్టు. నీ కంచం నువ్వు కడుక్కో. మిగతాదంతా నేను చూసుకుంటా."

మరియదాసు కోప్పడలేదు. పెద్దమనిషి తీర్పు చెప్పేముందు ఊపినట్టు నిదానంగా తల ఊపాడు.

"నిజమేనే, నీకు కష్టంగానే ఉంది. రూతు ఎదిగింది గదా. ఐదో తరగతి అయిపోయింది, ఇంక ఆ చదువు చాల్లే. నీళ్లు, అంట్లు, వంట దానికప్పజెప్పు. సుఖపడతావు."

ఛీ! పనులు పంచమంటే పసిపిల్ల బడి మాన్పించడమా? పైగా ఎంత దయ ఒలకబోశాడు!

రూతు లేచి వెళ్లి తండ్రి కంచం ఎత్తింది. రెండు చేతులా పట్టుకుని, ఊపిరి బిగబట్టి, నీళ్లు తొణక్కుండా దొడ్లోకి నడిచింది. ఎవరూ నేర్పలేదు, చూసి చూసి వచ్చేసింది. ఆ నడక అచ్చం తల్లిదే. సంతోషకుమారికి మొగుడి మీద ఎంత రోత పుట్టిందో, ఇన్నేళ్లూ నోరు మూసుకున్నందుకు తన మీద తనకీ అంత పుట్టింది.

మర్నాడే సింగరాయకొండకి కార్డు రాయించింది. అక్క దేవకుమారి అక్కడ ఆడపిల్లల హాస్టల్లో వంట చేస్తుంది. తల్లి చెబుతుంటే రూతే గుండ్రటి అక్షరాలతో రాసింది. 'దీన్ని ఆరో తరగతిలో చేర్పించు అక్కా. ఇంటికి రావద్దు, గోడౌను దగ్గరికే రా.' రెండు గౌన్లు, బడిలో ఇచ్చిన టీసీ ఒక సంచిలో పెట్టి గోడౌన్లో బస్తాల వెనక దాచింది.

ఇవాళ మధ్యాహ్నం రూతు అన్నం క్యారేజీ తెచ్చేసరికి దేవకుమారి గేటు దగ్గర నిలబడి ఉంది.

"నాన్న ఏం చేస్తున్నాడే?" అనడిగింది తల్లి.

"వడ్డించి వచ్చా. తింటున్నాడు."

ముగ్గురూ బస్టాండుకి నడిచారు. ఒంగోలు మీదుగా సింగరాయకొండ పోయే బస్సు కదలడానికి సిద్ధంగా ఉంది. కిటికీ పక్కన కూర్చున్నాక పిల్లకి ఏడుపు ఆగలేదు. సంతోషకుమారి చెయ్యి పైకి వెళ్లి, సగంలో ఆగిపోయింది. చేతుల నిండా కారం. పదకొండేళ్లుగా ఆగినట్టే ఇవాళా ఆగింది. చేతులు వెనక్కి పెట్టుకుని, మునివేళ్ల మీద లేచి, కిటికీలోంచి వంగిన పిల్ల చెంపలు భుజం మీది జాకెట్టు గుడ్డతో తుడిచింది.

"అమ్మా, నాన్న కంచం ఎవరు తీస్తారే?"

"నీకెందుకే ఆ గొడవ? పెద్దమ్మ చెప్పినట్టు విను."

బస్సు వెళ్లిపోయింది. ఆమె గోడౌనుకి తిరిగొచ్చి, పొద్దుగూకేదాకా తొడిమలు తీసింది.

ఇంటికొచ్చేసరికి మరియదాసు అరుగు మీదే ఉన్నాడు.

"రూతేదే? మధ్యాహ్నం నుంచి కంచం అట్టాగే పడుంది."

"మా అక్కతో పంపించా. అక్కడే చదువుకుంటుంది."

"నన్నడక్కుండానా? మరి ఇంట్లో పనెవరు చేస్తారే?"

పిల్ల అన్నం తిని వెళ్లిందా అని అడగలేదు. ఏడ్చిందా అనీ అడగలేదు. అడుగుతాడని అనుకున్నందుకు సంతోషకుమారి తనని తనే తిట్టుకుంది.

"నీళ్లు నేనే తెస్తా. వంటా నేనే చేస్తా. నీ ఎంగిలి మాత్రం ఇంక ముట్టను. కంచం కడుక్కుని రా, అన్నం పెడతా."

అతను అరిచాడు, బూతులు తిట్టాడు. వీధిలో వాళ్లు తొంగి చూశారు. చివరికి తువ్వాలు దులిపి భుజాన వేసుకుని పేకాటకి పోయాడు. సంతోషకుమారి వండుకుని తిన్నది. తన కంచం కడిగి గోడకి బోర్లించింది. పక్కన రూతు చిన్న సత్తు గిన్నె పొద్దున్న బోర్లించినట్టే ఉంది.

ఇంటి మధ్యలో మరియదాసు కంచం ఉంది. నురగ అణగారిపోయింది, మెతుకులు ఉబ్బి తేలాయి, అంచు చుట్టూ ఈగలు వాలాయి.