తెలియనివాళ్లకి రాసిన లెక్క

'దాన్ని రెండుతో గుణించాలి' అని ఉంది కాగితం మీద. మాస్టారు ఆ వాక్యాన్ని పైకి చదివి, నల్లబల్ల వైపు తిరిగి, దేన్ని గుణించాలా అని అమాయకంగా వెతికారు. పై మూల తేదీ కనిపించింది. ఆ తేదీనే రెండుతో గుణించి కింద గట్టిగా గీత గీశారు. తరగతి గొల్లుమంది. కాగితం రాసినవాడు తల పట్టుకుని, "అది కాదు మాస్టారూ, ముందు వచ్చిన జవాబుని!" అని అరిచాడు.

"ఆ ముక్క రాశావా మరి? నువ్వు రాసిందే చేశాను నాయనా, నాకేం తెలుసు?"

ఉద్యోగంలో చేరిన కొత్తలో మొదలుపెట్టిన నాటకం ఇది. పిల్లలు లెక్క చేస్తే చాలదు. ఎలా చేశారో, ఎందుకలా చేశారో మాటల్లో రాయాలి. మాస్టారు ఏమీ తెలియనివాడిలా ఆ రాతను పట్టుకుని, అందులో ఉన్నది ఉన్నట్టు బల్ల మీద చేస్తారు. రాత తిన్నగా ఉంటే లెక్క తేలుతుంది, లేకపోతే తేదీకి తిప్పలు. పొట్టి మనిషి కావడంతో బల్ల పైభాగం అందుకోవడానికి మునివేళ్ల మీద లేస్తారు. అప్పుడు చొక్కా కూడా ఆయనతో పాటే లేస్తుంది. చేతికీ జేబుకీ చెవికీ సుద్దపొడి. ఆయనకి ఏ సన్మానమూ జరగలేదు, ఏ పత్రికలోనూ ఫొటో పడలేదు. పెద్ద పదవి ఇస్తామన్నప్పుడు, అందులో పాఠం చెప్పే పని ఉండదని తెలిసి, నెమ్మదిగా తప్పుకున్నారు. దానికి ఇంట్లో నాలుగు రోజులు చివాట్లు తిన్నారు, అంతే.

ఇవాళ్టితో ఉద్యోగం ఆఖరు. సాయంత్రం స్టాఫ్ రూములో టీ, ఆ తర్వాత ఇల్లు. దిగులు పెద్దగా లేదు. ఇన్నేళ్లూ బడికి ధారపోసిన మధ్యాహ్నపు నిద్రలన్నీ తీరిగ్గా తిరిగి రాబట్టుకోవాలని ఆయన ఆలోచన. ఒక్కటే చెవిలో జోరీగలా పోరుపెడుతోంది: మూడో బెంచీ అమ్మాయి.

ఆ పిల్లకి ఎంత చిక్కు లెక్కయినా నిమిషంలో తేలిపోతుంది. ఎలా చేశావని అడిగితే, "వచ్చేసిందండీ" అంటుంది. అందుకే తోటిపిల్లలు ఆమెకి 'వచ్చేసిందమ్మ' అని పేరు పెట్టారు. జవాబు కింద ఒక్క ముక్క రాయదు. వచ్చే నెల పెద్ద పరీక్షల్లో జవాబుకి దక్కేది ఒక్క మార్కే, మిగతావన్నీ వివరణకి. పోయిన పరీక్షలో అలాగే తప్పింది. ఇది కూడా తప్పితే పై తరగతి లేదు. రేపొచ్చే కొత్త టీచరుకి ఈ పిల్ల సంగతి ఏం తెలుస్తుంది? తెల్ల కాగితం చూసి మొద్దు అనుకుంటుంది, లేదా కాపీ కొట్టిందనుకుంటుంది. ఆ మాట తలచుకుంటేనే మాస్టారికి గుండె చివుక్కుమంటోంది.

భోజనాల బెల్లు కొట్టాక ఆ పిల్లని ఆపి, ఎదురుగా కూర్చున్నారు.

"ఇవాళ నిన్ను కోప్పడను. ఎందుకు రాయవో అది చెప్పు చాలు."

ఆమె జడ కొసను వేలికి చుట్టుకుంటూ ఆలోచించింది. "మీకు తెలుసు కదా మాస్టారూ. ఊరికే తెలియనట్టు చేస్తారు. తెలిసినవాళ్లకి మళ్లీ ఏం చెప్పాలి?"

మాస్టారు ఇన్నాళ్లూ తన నాటకానికి తానే మురిసిపోయారు గానీ, ఒక్కరైనా దాన్ని నమ్మి తీరాలని ఆయనకి తోచనే లేదు. సిగ్గు వేసింది. ఆ వెంటనే నవ్వూ వచ్చింది.

సరిగ్గా అప్పుడే గుమ్మంలో ఆయన భార్య ప్రత్యక్షమైంది. టీకి పిలిస్తే, పుస్తకాలు మోసుకెళ్లాలి కదా అని రెండు సంచులు పట్టుకుని ముందే వచ్చేసింది. ఆవిడకి లెక్కలంటే చలిజ్వరం. పెళ్లయిన కొత్తలోనే ఇంట్లో లెక్కల మాట ఎత్తకూడదని మాస్టారి చేత ఒట్టు వేయించుకున్న మనిషి.

మాస్టారు చరచరా వెళ్లి స్టాఫ్ రూములోంచి ఓ చెక్కకుర్చీ ఎత్తుకొచ్చారు. మూడో బెంచీకి ఎదురుగా వేశారు.

"కూర్చో. నీకు పని పడింది."

"ఏమండీ, ఒట్టు!" అంది ఆవిడ.

"ఆ ఒట్టు ఇంట్లో. ఇది బడి." అమ్మాయి వైపు తిరిగారు. "ఈవిడకి నిజంగా తెలియదు. కావాలంటే పరీక్షించుకో."

అమ్మాయి ఆవిడని ఎగాదిగా చూసింది. తర్వాత పెన్సిలు తీసింది. పొద్దున చేసిన లెక్కే: పెద్ద కుళాయి ట్యాంకును మూడు గంటల్లో నింపుతుంది, చిన్నది ఆరు గంటల్లో. రెండూ కలిపి విప్పితే ఎంతసేపు? రెండు గంటలని ఆమె ఎప్పుడో తేల్చేసింది. ఇప్పుడు తడుముకుంటూ రెండు వాక్యాలు రాసి కాగితం అటు తిప్పింది.

"ఆరు గంటల్లో మూడు ట్యాంకులు నిండుతాయి, అంటే ఒకటి రెండు గంటల్లో," అని చదివింది ఆవిడ. "ఇదేం లెక్కే తల్లీ? ఉన్నది ఒక్క ట్యాంకాయె. మూడెక్కడివి? మా ఇంట్లో అయితే నిండాక గోడంతా కారిపోతుంది."

అమ్మాయి తెల్లబోయింది. తనకి ఆ మూడు ట్యాంకులూ కళ్ల ముందే ఉన్నాయి. ఎదుటివాళ్లకి కనిపించవన్న సంగతే ఇప్పుడు తెలిసింది. రాసింది కొట్టేసి మళ్లీ రాయసాగింది: 'ఒకటి నిండగానే ఇంకో ఖాళీ ట్యాంకు పెట్టామనుకోండి. ఆరు గంటల్లో పెద్ద కుళాయి రెండు నింపుతుంది, ఎందుకంటే ఒక్కో ట్యాంకు నింపడానికి దానికి మూడు గంటలే పడుతుంది. చిన్నది ఒకటే నింపుతుంది.'

ఆవిడ వేళ్లు మడుస్తూ చదివింది. "రెండూ ఒకటీ మూడు. మూడింటికి ఆరు గంటలైతే, ఒకదానికి... రెండేనా?" అంది. ఆపైన, "ఏమండీ, నాకొచ్చేసిందండీ!" అని కుర్చీలో ఎగిరినంత పని చేసింది. అమ్మాయి పకపకా నవ్వింది.

మాస్టారైతే భిన్నాలు కూడేవారు. ఈ దారి ఆయన ఎన్నడూ చెప్పలేదు. ముఖంలో సంతోషం కనపడకుండా కిటికీ వైపు తిరిగారు. ఈలోగా అమ్మాయి, ఎవరూ అడక్కుండానే, పుస్తకం తిరగేసి ఇంకో లెక్క తీసింది. ఈసారి పేజీ నిండా రాసింది. ఆవిడ ఎక్కడా ఆగకుండా చివరిదాకా చదివి, జవాబు తానే చెప్పేసింది.

సాయంత్రం టీ అయింది. తోటి టీచర్లు నాలుగు మంచి మాటలు చెప్పారు, ఒకాయన మధ్యలో కునుకు తీశాడు. బడి వదిలాక మాస్టారూ భార్యా చెరో సంచీ పట్టుకుని వరండాలో నడుస్తుంటే, ఆయన తరగతిలోంచి మాటలు వినిపించాయి. అటెండరు కుర్చీని ఎత్తుకుపోబోతున్నాడు.

"తీయకు అన్నా, ఉండనీ," అంటోంది అమ్మాయి.

"ఎవరికోసం?"

"తెలియనివాళ్లు వస్తే కూర్చోవాలిగా."

"అయితే నాకే," అని అటెండరు నవ్వి దాన్ని దింపేశాడు.

మాస్టారు లోపలికి వెళ్లలేదు. వెళితే ఏదో ఒకటి చెప్పాలనిపిస్తుంది. భార్య చేతిలో సంచీ కూడా అందుకుని, గేటు దాటి రోడ్డెక్కారు. దారి పొడవునా ఆవిడ ఇంకో లెక్క అడుగుతూనే ఉంది.

అటెండరు గదికి తాళం వేశాడు. లోపల ఆ చెక్కకుర్చీ నల్లబల్లకి వీపు పెట్టి, మూడో బెంచీకి ఎదురుగా అలాగే ఉంది.