సిద్ధయ్య ఆఖరి సంచిక

జిరాక్స్ మిషన్ నుంచి వేడివేడిగా వస్తున్న కాగితాలను సిద్ధయ్య అప్పడాలు ఆరబెట్టినట్టు టీ గది బల్లమీద పరుస్తున్నాడు. కువైట్ నగరంలో షర్క్ పేట‌లోని ఆ ఆఫీసులో టీలు అందించడం అతని కొలువు. పత్రిక నడపడం అతని పిచ్చి. మేనేజరు చూసీ చూడనట్టు పోతాడు. అడక్కుండానే రెండో టీ అందుతుంది మరి ఆయనకు!

పత్రికంటే ఏమంత పత్రికని! పొడుగాటి కాగితం, వరుసగా బొమ్మలు, నాలుగైదు మడతలు. ఒక్క అక్షరం ఉండదు. చూసేవాళ్లంతా ఇళ్లలో పనిచేసే ఆడవాళ్లు, చాలామందికి చదువు రాదు. సంపాదకుడూ, విలేకరీ, బొమ్మలు గీసేవాడూ, పంచేవాడూ అన్నీ తనే. బస్టాపుల్లో, బకాలా అనే కిరాణా కొట్ల ముందు వాళ్ల గోడు విని గీస్తాడు. నియమం మాత్రం ఒక్కటే. ఎవరి కథ గీశాడో వాళ్లు ముందు చూసి సరేననాలి. కాదంటే సంచిక చెత్తబుట్టకే. అలా పోయినవీ ఉన్నాయి.

ఈసారి కథ సుబ్బరత్నమ్మది. సాయంత్రం విమానానికి సిద్ధయ్య రాయచోటి వెళ్లిపోతున్నాడు. ఇఖామా ఖలాస్, అక్కడ ఉండే అనుమతి అయిపోయింది, ఇక రానక్కర్లేదు. ఆమె వద్దంటే మళ్లీ గీయడానికి రేపు లేదు. అంతకంటే, ఆమె ఏడుస్తుందేమోనన్న భయమే అతన్ని తినేస్తోంది. నిద్రపోతున్న కూతుర్ని వదిలి వచ్చిన సంగతి గీశాడు మరి. మొదట పడుకున్న పాప, తర్వాత ఇంటి గడప, బస్సు, విమానం కిటికీ, చివర కువైట్ వంటిల్లు. "దావంతా యెనక్కే చూసుకుంటా వచ్చినాన్నా" అని ఆమె చెప్పినందుకు, ప్రతి బొమ్మలోనూ ఆమె మొహం ఇంటివైపే తిప్పాడు.

విమానాశ్రయంలో దింపే పూచీ అమలాపురం దుర్గారావుది. అతని బండిలో సుబ్బరత్నమ్మ పనిచేసే పేట సబా అల్ సలేం చేరేసరికి, బకాలా ముందు ఆమె ఖుబూస్ రొట్టెల సంచితో నిలబడి ఉంది. సన్నటి మనిషి. బ్లీచింగ్ నీళ్లకు వేళ్లు తెల్లగా పాలిపోయాయి.

"బిన్నా చూపీన్నా, మామా తిడ్తాది." ఇంటి యజమానురాలిని ఆమె పిలిచేది అలాగే.

ఐస్‌క్రీం పెట్టె మీద కాగితం పొడవునా పరిచాడు. ఆమె వేలు తిన్నగా కుడి చివరన, వంటింటి బొమ్మమీద ఆనింది. అటు కాదమ్మా అనబోయి సిద్ధయ్య ఆగిపోయాడు. ఈవిడ జన్మలో తిప్పిన పుస్తకాలంటే మామా పిల్లలవే, వాళ్లను ఒళ్లో కూర్చోబెట్టుకుని తిప్పిన అరబ్బీ పుస్తకాలు. అవి కుడి నుంచే మొదలవుతాయి.

వేలు మెల్లగా జరిగింది. వంటిల్లు, విమానం కిటికీ, బస్సు.

"ఇంటికి పోతాండానే!" అంది.

గడప దాటి వేలు పాప దగ్గర ఆగింది.

"అయ్యో, నేను పోయ్యేసరికి నిద్రపోయిందే!" కళ్లు తుడుచుకుంటూనే నవ్వింది. "లేపనులే. పక్కన పండుకుంటా."

తాను ఇంటికి పోతూ ఈమెను ఇక్కడే వదిలేస్తున్నానని పొద్దుటినుంచీ సిద్ధయ్య మనసులో ఒకటే బాధ. ఉన్నది ఉన్నట్టు గీశానన్న గర్వం కూడా లేకపోలేదు. అదంతా ఎటు పోయిందో పోయింది.

"బాగుందన్నా. అందరికీ ఇయ్యి," అని సుబ్బరత్నమ్మ సంచి ఎత్తుకుని గబగబా వెళ్లిపోయింది.

సిద్ధయ్య కొట్టు మెట్టుమీద చతికిలబడి మిగతా కాగితాల మడతలన్నీ విప్పాడు. తిరిగి ఎదురువైపు నుంచి మడవడం మొదలెట్టాడు.

దుర్గారావు హారన్ మోగించాడు. "సిద్ధయ్యగారూ, యల్లా అండీ! ఫ్లైటెళ్లిపోద్దండి బాబూ!"

"ఉండబ్బా, రవంతసేపు!"

చివరి మడతను గోటితో నొక్కి, వచ్చినవాళ్లకు ఇమ్మని కట్టను కొట్టువాడి చేతిలో పెట్టి, బండెక్కాడు. బండి మలుపు తిరిగి వెళ్లిపోయింది.

రొట్టెల పక్కన ఆ కట్ట మిగిలింది. అన్నిటికంటే పైన వంటింటి బొమ్మ, అన్నిటికంటే అడుగున, నిద్రలో, పాప.