వాల్బ్రీస్ ప్రభువు ఇచ్చిన ఆశ్రయం

తాంక్రెద్ ద వాల్బ్రీస్ ప్రభువుది తాతల నాటి నుంచీ ఫ్రాన్సు తరఫున పరదేశాల కొలువుల్లో మెలిగిన వంశం. గద్దె మీద ఎవరుంటే వారికి వంగి నమస్కరించడం ఆ ఇంట్లో ఉగ్గుపాలతో వచ్చిన విద్య. నలభై దాటాక తాంక్రెద్‌కి దక్కింది మాత్రం ఇటలీలో ఓ చిన్న సంస్థానంలో రాయబారి పదవి. విందులకు వెళ్లడం, విన్నది పారిస్‌కి రాయడం, అదే పని.

అక్కడి వైద్యుడు ఎర్కోలే. తాంక్రెద్ కూతురు సొలాంజ్‌కి విషజ్వరం వస్తే మంచం పక్కనే కూర్చుని బతికించినవాడు. ఆ చలికాలం సంస్థానాధీశుడి మీద తిరగబడ్డవాళ్లలో అతనూ ఉన్నాడు. తిరుగుబాటు అణిగిపోయాక, రాయబారి ఇంటికొచ్చి తలదాచుకుంటానన్నాడు.

"ఈ గడప లోపల ఉన్నంతకాలం మీరు ఫ్రాన్సులో ఉన్నట్టే డాక్టరుగారూ," అన్నాడు తాంక్రెద్.

పారిస్ నుంచి ఆజ్ఞ వచ్చింది, అప్పగించమని. తాంక్రెద్ బతిమాలుతూ రాశాడు. రెండో ఆజ్ఞ మరీ పొట్టిగా వచ్చింది. సైనికులు వచ్చిన పొద్దున తనే వెళ్లి తలుపు తీశాడు. కాఫీ తాగుతున్న ఎర్కోలే కప్పు కింద పెట్టి, "పాపకి చలిగాలి తగలనివ్వకండి," అని వాళ్ల వెంట నడిచాడు. కోటగోడ దగ్గర కాల్చేశారు.

తాంక్రెద్‌కి పతకం వచ్చింది. పెద్ద పదవీ వచ్చింది. ఆ పతకం పెట్టుకున్న రోజు భార్య ఒదీల్ అతని పక్కన కూర్చునేది కాదు.

కొన్నేళ్లకి ఆ సంస్థానం రూపుమాసిపోయి ఇటలీ ఒక్కటైంది. ఎర్కోలే స్నేహితులు పదవుల్లోకొచ్చి ఫ్రాన్సుని సంజాయిషీ అడిగారు. పారిస్‌లో మంత్రి తాంక్రెద్‌ని పిలిపించాడు.

"మేం చెప్పకుండానే మీరు తొందరపడ్డారు ప్రభూ. అలా అనుకుంటే అందరికీ మర్యాద."

"తమరు రెండుసార్లు ఆజ్ఞ పంపారండీ."

"వంశం ఉన్నవారు. సర్కారుని రచ్చకీడుస్తారా?"

ఈడ్వలేదు. రాజీనామా ఇచ్చి ఇంటికొచ్చాడు.

"తప్పంతా నా నెత్తిన రుద్దారు ఒదీల్."

ఆమె కుట్టుపని మీంచి తల ఎత్తలేదు. "తలుపు తీసింది మీరేగా?"

"తీయకపోతే ఉద్యోగం పోయేది."

"ఇప్పుడుందా?"

ఆ వసంతంలో ఎర్కోలేకి అక్కడ విగ్రహం పెట్టారు. ఆవిష్కరణకి రమ్మని ఒదీల్‌కీ సొలాంజ్‌కీ మాత్రం పిలుపు వచ్చింది. తాంక్రెద్ రైలు దాకా వచ్చి పెట్టెలు ఎక్కించాడు.

"వాళ్లకి మీ మాటగా ఏమన్నా చెప్పనా నాన్నా?" అడిగింది సొలాంజ్.

ఏ కొలువులోనూ మాటకి తడుముకోని మనిషి, రైలు కదిలేదాకా టోపీ చేత్తో పట్టుకుని అలాగే నిలబడ్డాడు.